పలకని పిల్ల మూడో భాగం

బొమ్మల నవలలతో పేరు రాకముందు ఆమె చాలాకాలం పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసింది. చిక్కుడు గింజ మొలకెత్తే తీరు, గుండెలో నాలుగు గదులు, అగ్నిపర్వతం లోపలి పొరలు, రోడ్డు దాటేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు. వాటి కింద ఎవరూ పేరు వేసేవారు కాదు, ఆమె అడిగిందీ లేదు. ముప్పై దాటాక, తల్లి పోయిన ఏడాది, ఉన్నట్టుండి సొంతంగా ఒక పుస్తకం మొదలుపెట్టింది. పగలంతా ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ, సాయంత్రమైతే తన పుస్తకం. అలా ఏళ్ళు పట్టింది. దాని పేరు "పలకని పిల్ల".

కళ్ళద్దాల దుకాణం మీద మేడలో ఉండే ఒక కుటుంబం కథ అది. తండ్రికి ముక్కు మీద కోపం. చిన్నకూతురికి పద్నాలుగేళ్ళు. ఒకరోజు ఆ పిల్ల చేతిలోంచి అద్దాల ట్రే జారి పడుతుంది. తండ్రి చెంప పగలగొడతాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల తండ్రితో మాట్లాడదు. అలిగి రెండు పూటలు ముడుచుకు కూర్చోవడం కాదు, ఏళ్ళ తరబడి మాట్లాడదు. తల్లితో మాట్లాడుతుంది, అక్కతో మాట్లాడుతుంది, తండ్రి గదిలోకి రాగానే లేచి వెళ్ళిపోతుంది. ఒళ్ళు మారడం, స్నేహితురాలు మోసం చెయ్యడం, అద్దంలో ముఖం చూసుకోవాలంటే అసహ్యం వెయ్యడం, ఆ వయసులో అందరికీ జరిగేవన్నీ ఆ మౌనంలోనే జరుగుతాయి.

కథ ఎక్కడిదో ఆమె దాచలేదు. వాళ్ళ నాన్నది కళ్ళద్దాల దుకాణమే. వాళ్ళ చెల్లెలు నాన్నతో మాట్లాడదన్న సంగతి బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. గీయడం మొదలుపెట్టే ముందు చెల్లెల్ని అడిగింది కూడా. "గీసుకో అక్కా," అంది చెల్లెలు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. పుస్తకం చేతికిస్తే బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాన్న చదివాడు. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, పనిలో వాడే భూతద్దంతో ప్రతి బొమ్మ గడీ చూశాడు. "షాపు బాగా వేశావు. సానబట్టే మిషను మాత్రం కుడిపక్క ఉంటుంది, నువ్వు ఎడమపక్క పెట్టావు," అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నాన్న ఏమీ అనుకోలేదనుకుంది.

పుస్తకం ఎవరూ ఊహించనంతగా అమ్ముడుపోయింది. రెండో భాగం అడిగి మరీ వేశారు. స్కూళ్ళలో పెట్టారు. తల్లులు కూతుళ్ళను వెంటబెట్టుకుని వచ్చి సంతకాలు చేయించుకున్నారు. కౌమారం మీద ఎక్కడ సభ జరిగినా ఆమెకు కుర్చీ ఉండేది. ఒక విమర్శకుడు రాసిన పెద్ద వ్యాసంతో ఆ పేరు ఇంకా పెరిగింది. "ఈ రెండు భాగాల్లో ఆ బాలిక ఎక్కడా 'నేను' అనదు. 'నాకు' అనదు. 'వస్తా' అంటుంది, 'ఆకలేస్తోంది' అంటుంది. దెబ్బతిన్న పసిమనసు తన ఉనికినే వాక్యంలోంచి చెరిపేసుకుంది," అని రాశాడాయన. ఆమె తెల్లబోయింది. పుస్తకం తీసి మాటల బుడగలన్నీ వెతికి చూసుకుంది. ఆయన చెప్పింది నిజమే. ఆమె అదేమీ అనుకుని చేసింది కాదు. చెల్లెలు ఎలా మాట్లాడేదో గుర్తున్నంతవరకు అలాగే రాసిందంతే. కానీ ఆ తర్వాత సభల్లో ఎవరైనా అడిగితే, "అవును, అది కావాలనే చేశాను," అనడం మొదలుపెట్టింది.

మూడో భాగం పని నడుస్తుండగా చెల్లెలు వచ్చింది.

టైర్ల దుకాణం మీద అద్దెకు తీసుకున్న వెనక గదిలో ఆమె పని చేసుకునేది. గోడ పొడవునా తాడు కట్టి, ఇంకు ఆరేదాకా పేజీలు క్లిప్పులతో వేలాడదీసేది. చెల్లెలు రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసేది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే బయటపడేది. అలాంటిది మిట్టమధ్యాహ్నం, ల్యాబు కోటు చేతి మీద వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏంటే, ఈ వేళప్పుడు?"

"ఆ గాజు బల్ల కింద లైటు ఆపు. కళ్ళు లాగుతున్నాయి," అంది చెల్లెలు కూర్చోకుండానే. "మొన్న పిల్లని షాపుకి తీసుకెళ్ళా, కొత్త కళ్ళద్దాలకి."

చెల్లెలి కూతురికి కళ్ళద్దాలు ఎప్పుడూ తాతయ్యే చేసేవాడు. చెల్లెలు నోరు విప్పకుండా పిల్లని కూర్చోబెట్టి పక్కన నిలబడేది. ఆయన చేతులతో ఫ్రేము పెట్టి, కాడలు చెవుల వెనక సరిగ్గా కూర్చున్నాయో లేదో వేళ్ళతో తడిమి చూసి, వంపు తక్కువైతే వేడిచేసి వంచేవాడు.

"అయితే?"

"ఆయన ఫ్రేము పెట్టబోతే పిల్ల వెనక్కి జరిగింది. పురుగు మీద పడ్డట్టు. తనే పెట్టుకుంటానంది. ఆయన చెయ్యి అలా గాల్లో ఉండిపోయింది."

"ఎందుకలా చేసింది?"

"ఎందుకా? వాళ్ళ క్లాసులో పలకని పిల్ల పాఠంలా చెప్తున్నారు. ఆ పిల్ల ఎందుకు మాట్లాడ్డం మానేసిందో రాయమన్నారట. మా తాతయ్య మా అమ్మని కొట్టాడు, అందుకే అని రాసింది. రెండు వైపులా రాసింది. లేచి చదివి వినిపించింది కూడా. టీచరు కళ్ళు తుడుచుకుందట."

టీచరు కళ్ళు తుడుచుకుందన్న మాట వినగానే ఆమెకు లోపలెక్కడో క్షణం పాటు సంతోషం వేసింది. వెంటనే తల కొట్టేసినట్టయింది.

చెల్లెలు తాడు వెంట నడుస్తూ పేజీలు చూస్తోంది. మూడో భాగం చివర అది. ముసలి తండ్రి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. పెరిగి పెద్దదైన కూతురు పక్కన నిలబడుతుంది. తండ్రి చేతులు జోడిస్తాడు. బుడగలో "నన్ను క్షమించమ్మా" అని పెన్సిలుతో రాసి ఉంది.

"ఈయన క్షమాపణ ఎప్పుడడిగాడు?" అంది చెల్లెలు.

"అడగలేదులే. కథలో అలా…"

"అసలు దేనికడగాలి?"

"కొట్టాడు కదే."

"కొట్టాడు. ఒకే ఒక్కసారి. ఆ కొట్టడం ఎప్పుడు జరిగింది అక్కా? మాట్లాడ్డం మానేశాకా, ముందా?"

ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

ఆ సంగతి ఆమెకు ఒకప్పుడు తెలుసు. మొదటి చిత్తులో సరిగ్గానే గీసింది. పిల్ల ముందు మూగబోయింది, దెబ్బ తర్వాత ఎప్పుడో పడింది. చిత్తు చూసిన సంపాదకురాలు, "మాట్లాడ్డం ఎందుకు మానేసిందని పాఠకుడు అడుగుతాడండీ. దెబ్బ ముందుకు తెస్తే కారణం దొరుకుతుంది," అంది. పేజీలు అటూ ఇటూ మార్చి చూస్తే కథ తాళంచెవి పడ్డట్టు కూర్చుంది. అంత బాగా కూర్చోవడంతో, కొన్నాళ్ళకు ఆమెకు కూడా అది అలాగే జరిగినట్టు గుర్తుండిపోయింది.

"తర్వాతే," అంది చివరికి.

"అయితే మరిచిపోలేదన్నమాట."

"మరి ఎందుకు మానేశావే? నాన్న ఏమన్నాడు? ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు." చెల్లెలు ఇప్పుడు కూర్చుంది. కోటు ఒళ్ళో పెట్టుకుని ఏదో చెప్పబోయింది. "న్…" అంది. "న్… న్…" గడ్డం రెండుసార్లు ఎగిరింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. మెడ నరం బిగుసుకుంది. నాలుక పళ్ళ వెనక అతుక్కుపోయినట్టు ఆ శబ్దం అక్కడే కొట్టుకుంది గానీ మాట కాలేదు. అక్క ఏ మూర్ఛో అనుకుని గాభరాగా లేచింది.

"కూర్చో." చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. "ఇదే. చూశావుగా."

"నత్తి ఉందా?"

చెల్లెలు తల ఊపింది. "దాని పేరు కూడా ఆ అక్షరంతోనే. ఎవరు పెట్టారో గానీ పుణ్యాత్ములు."

ఇద్దరికీ వచ్చిన నవ్వు ముఖాల్లోకి రాకుండానే పోయింది.

"ఎనిమిదో క్లాసులో లేచి పాఠం చదవమన్నారు," అంది చెల్లెలు. "మొదటి మాటే ఆ అక్షరం. ఆగిపోయింది. వెనక బెంచీలోంచి ఒకడు కోడిలా అరిచాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు మొదలు. మిగతావన్నీ వస్తాయి, అదొక్కటే రాదు. అది లేకుండా మాట్లాడ్డం అలవాటు చేసుకున్నా. 'వస్తా' అంటే చాలదూ? ముందు ఇంకో ముక్కెందుకు? 'ఆకలేస్తోంది' అంటే ఎవరికని ఎవరడుగుతారు?"

విమర్శకుడి వ్యాసం ఆమె కళ్ళ ముందు కదిలింది. చెరిపేసుకున్న ఉనికి.

"అమ్మని అమ్మా అనొచ్చు. అక్కని అక్కా అనొచ్చు. ఆయన్ని ఏమని పిలవాలి చెప్పు? పిలవకుండా మాట్లాడితే పొగరనేవాడు. పిలవబోతే ఇదిగో, ఇలా. ఆయన ఉన్నచోట లేకపోతే ఏ గొడవా ఉండదనిపించింది. ఆ ట్రే పడిన రోజు, 'ఎవరే పడేసింది?' అని అరిచాడు. చెప్పాల్సింది ఒక్కటే ముక్క. ఆ ముక్కేంటో తెలుసుగా."

"నాకైనా చెప్పొచ్చు కదే!"

"అడిగావా?"

"ఒకే గదిలో పడుకునేవాళ్ళం!"

"అవును. గోడవైపు తిరిగి బొమ్మలేసుకుంటూ ఉండేదానివి."

ఆమె బ్రష్షు నీళ్ళ గిన్నెలో పడేసింది. "పోనీ పుస్తకం వచ్చాకైనా చెప్పొచ్చుగా. చదవలేదనుకున్నాను," అంది.

"చదివా. చాలాసార్లు చదివా." చెల్లెలు కోటు మడత విప్పి మళ్ళీ మడిచింది. "ఆ పిల్ల బాగుంది అక్కా. కోపంతో మాట్లాడని పిల్ల. అందరూ మెచ్చుకున్న పిల్ల. మాట రాని పిల్ల కంటే మాట్లాడని పిల్ల మేలు కదా. అదే అయిపోదామనుకున్నా. ఆయనకెలా ఉంటుందన్నది తట్టలేదు. తట్టినా, పెద్దాయన, ఓర్చుకుంటాడులే అనుకున్నానేమో. మొన్న గాల్లో ఉండిపోయిన ఆ చెయ్యి చూశాక ఉండబట్టలేదు."

"మా మరిదికి తెలుసా?"

"పెళ్ళికి ముందే చెప్పా. పిల్లకి తెలీదు. ల్యాబులో ఎవరికీ తెలీదు. అక్కడ మైక్రోస్కోపుతోనే కదా మాటలు."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆయనకి చెప్పెయ్ అక్కా. మూడోది మాత్రం ఆపెయ్."

మర్నాడు ఆమె దుకాణానికి వెళ్ళింది. నాన్న ఫ్రేములో అద్దం బిగిస్తున్నాడు. ఆమె చెబుతున్నంతసేపూ చిన్న స్క్రూడ్రైవరు తిప్పుతూనే ఉన్నాడు. అంతా విన్నాక కళ్ళద్దాలు తుడిచి, దీపం వైపు పట్టి చూసి, కవరులో పెట్టాడు.

"నా కోసం చెప్తున్నావు," అన్నాడు.

"కాదు నాన్నా. నిజంగానే."

"మీ అమ్మా ఇంతే. నేను బాధపడతానంటే ఏదో ఒకటి అల్లేది." ఆయన గొంతులో కోపం లేదు. "పుస్తకం రాకముందు ఆ దెబ్బ సంగతే నాకు గుర్తు లేదమ్మా. ఇదెందుకు నాతో మాట్లాడదో తెలీక కొట్టుకుచచ్చేవాణ్ణి. నీ పుస్తకం చదివాక గుర్తొచ్చింది. అంతా గుర్తొచ్చింది. అది మెట్ల మీద నుంచుని ఉంది. పైన పసుప్పచ్చ బల్బు. నా చెయ్యి లేచింది, ఆ నీడ గోడ మీద ఇంత పెద్దగా పడింది…"

"బల్బు లేదు నాన్నా. మెట్లూ కాదు. మధ్యాహ్నం పూట, ఇక్కడే, ఈ కౌంటరు దగ్గర. ఆ నీడ నేను పెట్టాను. బొమ్మకి బాగుంటుందని పెట్టాను."

నాన్న కౌంటరు వైపు చూశాడు. తర్వాత వెనక మెట్ల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"లేదు. మెట్ల దగ్గరే," అన్నాడు.

"నేను అక్కడే ఉన్నా కదా నాన్నా."

"నేనూ ఉన్నాను కదమ్మా. అంత స్పష్టంగా కనిపిస్తుంటే కాదంటావేంటి? ఆ పిల్ల నోరు నేనే నొక్కేశాను. ఎన్నిసార్లు అడుగుదామనుకున్నానో. అడిగితే ఆ రావడం కూడా మానేస్తుందేమోనని ఊరుకున్నాను."

ఎవరో కళ్ళజోడు ముక్కు దగ్గర విరిగిందని లోపలికి వచ్చారు. నాన్న లేచి వాళ్ళతో మాట్లాడ్డంలో పడ్డాడు. ఆమె కాసేపు నిలబడి బయటికొచ్చేసింది. దారి పొడవునా ఆమెకు ఆ పేజీ కళ్ళలో మెదులుతూనే ఉంది. పసుపు వెయ్యాలా, నారింజా అని ఆ రోజు తేల్చుకోలేక, రెండూ కాగితం ముక్కల మీద వేసి చూసుకుంది. పసుపైతే భయం ఎక్కువ పుడుతుందని పసుపు వేసింది.

చెల్లెలు చెబితే తప్ప ఆయన నమ్మడని తేలిపోయింది. చెల్లెలు ససేమిరా అంది. ఇన్నేళ్ళు దాచుకున్నది ఇప్పుడెలా చెప్పాలంది. చెబుతున్నప్పుడు ముఖం ఎలా అవుతుందో తనకి తెలుసంది, ఆ ముఖం కన్నకూతురు చూడకూడదంది. అక్క ఫోను చేస్తే పనుందని పెట్టేసేది. ఇంతలో నాన్న ఒంట్లో బాగోలేదని రెండు రోజులు షాపు తెరవలేదు. ఆ కబురు తెలిశాక చెల్లెలే ఫోను చేసి, "రేపు వస్తున్నాం. పిల్లని కూడా తీసుకొస్తున్నా," అంది.

షట్టరు సగం దించి నలుగురూ షాపులోనే కూర్చున్నారు. నాన్న చిన్నకూతురి కోసం స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఒకటి చెప్పాలి," అంది. తర్వాత, "న్…" అని ఆగిపోయింది. "న్… న్…"

నాన్న కంగారు పడ్డాడు. "నీళ్ళా? నీళ్ళు కావాలా అమ్మా? నీరసంగా ఉందా?" అంటూ లేచాడు. చెల్లెలు చెయ్యి అడ్డం ఊపింది. గడ్డం ఎగురుతోంది. మెడ మీద చెమట పట్టింది. మనవరాలు మొదట తల్లి వైపు భయంగా చూసింది, తర్వాత తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండు తాతయ్యా. చెప్పనీ."

ఎంతసేపటికో వచ్చింది. "న్… నాన్నా," అంది చెల్లెలు. గొంతు చిరిగినట్టు వచ్చింది. అది వచ్చాక మిగతాది తోసుకుంటూ వచ్చింది. "ఆ ట్రే పడేసింది న్… నేనే. చెప్పడానికి రాలేదు. అంతే. కోపం కాదు. ఎప్పుడూ కోపం లేదు."

అక్కకు ఏడుపొచ్చింది. నాన్నకు మాత్రం ఏడుపు రాలేదు. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"ఇన్నేళ్ళా?" అన్నాడు. "ఇన్నేళ్ళూ నన్ను… ఒక కాగితం ముక్క మీద రాసి పడేసినా సరిపోయేది కదే! మీ అమ్మ పోయే ముందు కూడా నన్నే అడిగింది, ఏం చేశారు దాన్ని అని. ఏం చేశానో తెలీక నీళ్ళు నమిలాను. ఆవిడ అలాగే పోయింది!" పెద్దకూతురి వైపు తిరిగాడు. "నువ్వేమో బొమ్మలేసి ఊరంతా పంచిపెట్టావు. షాపులోకి వచ్చినవాళ్ళు ముందు నా చేతుల వంక చూస్తున్నారు, తెలుసా నీకు? కొట్టే చేతులు ఎలా ఉంటాయోనని!"

అని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్న చప్పుడు కిందికి వినిపించింది.

"తిట్టాడు," అంది చెల్లెలు వింతగా. పద్నాలుగేళ్ళప్పటి నుంచి ఆయన ఆమె మీద గొంతెత్తింది లేదు. అద్దంతో చేసిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

మనవరాలు ఏడుస్తోంది. "పెద్దమ్మా, మరి నేను క్లాసులో చదివిందో?" అంది. "ఇప్పుడు వెళ్ళి అందరికీ ఏం చెప్పాలి?" పెద్దమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది.

ఆ వారంలోనే ఆమె సంపాదకురాలిని కలిసింది. మూడో భాగం ఆపేస్తానంది, మొదటి భాగంలో పేజీల వరస మార్చి మళ్ళీ వేద్దామంది. సంపాదకురాలు చెడ్డమనిషి కాదు. మొత్తం విన్నది.

"అది నవలండీ. అందులో తండ్రి మీ నాన్నగారు కాదు."

"మా నాన్న మాత్రం తనే అనుకుంటున్నాడు."

"సరే. మరి ఆ రోజు వేదిక వెనక ఒకమ్మాయి మిమ్మల్ని పట్టుకుని ఏడ్చింది గుర్తుందా? ఈ పుస్తకం చదివాకే వాళ్ళింట్లో జరుగుతున్నది టీచరుకి చెప్పుకున్నానంది. ఆ పిల్లని ఇంట్లోంచి బయటికి తెచ్చారు కూడా. ఇప్పుడు ఆ పిల్లకేం చెప్తారు? ఆ దెబ్బ అబద్ధమనా? అదంతా ఉత్త నత్తి అనా?"

ఆ అమ్మాయి ముఖం ఆమెకు బాగా గుర్తుంది.

సంపాదకురాలు కాసేపు టేబుల్ మీద వేళ్ళతో తాళం వేసి, ఉన్నట్టుండి ముందుకు వంగింది. "అయినా అసలు మూడో భాగం ఇదే కదండీ! చదివినవాళ్ళంతా పొరబడ్డారు, ఇంట్లోవాళ్ళూ పొరబడ్డారు, అసలు సంగతి ఒక్క అక్షరం. మీరిది గీస్తే మాత్రం…" ఆమె వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేకపోయింది.

ఆ మాట వింటుంటేనే ఆమె వేళ్ళు దురద పెట్టాయి. తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. ఒక్క పేజీ వేసి చూద్దామనుకుంది. మూసుకున్న కళ్ళు, ఎగిరే గడ్డం, మెడ మీద నరం, ఖాళీగా ఉన్న మాటల బుడగ. పెన్సిలు దానంతటదే నడిచింది. వేశాక దూరంగా పెట్టి చూసుకుంది. అంత మంచి పేజీ తను ఇంతవరకు వెయ్యలేదని ఆమెకు తెలుసు. చెల్లెలికి ఫోను చేసింది.

"గీశావా?" అంది చెల్లెలు, ఆమె ఇంకా ఏమీ చెప్పకముందే.

"ఒక్క పేజీ. నీకు చూపించకుండా ఎవరికీ…"

"అక్కా." అంది చెల్లెలు. "అప్పుడు చెప్పకుండానే ఏదో అర్థం చేసుకుని గీశావు. ఇప్పుడు చెప్పింది కూడా గీస్తావా? ఆ ముఖం దాచడానికే కదా ఇన్నాళ్ళూ ఇంత చేసింది. వద్దు. కోపంగా ఉన్న పిల్లగా వద్దు, మాట రాని పిల్లగా వద్దు. మళ్ళీ గీయకు."

"నువ్వు అడ్డం చెప్తే తప్పు దిద్దుకునే దారి కూడా…"

"అది అక్క బాధ," అంది చెల్లెలు. మామూలుగానే అంది.

ఆమె రబ్బరు తీసుకుని పేజీ తుడిచేసింది. నరం దగ్గర పెన్సిలు వత్తి గీయడంతో కాగితం మీద గాడి మిగిలిపోయింది. ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేసింది. తాడు మీదున్న పేజీలు కూడా దించేసింది.

మూడో భాగం రాలేదు. పాఠకులు కొన్నాళ్ళు అడిగారు, తర్వాత వేరే పుస్తకాలు వచ్చాయి. మొదటి రెండూ ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి. వాటి మొదట్లో, ఇందులో తండ్రి కల్పితమనీ, అలాంటి మనిషి తమ ఇంట్లో లేడనీ ఆమె ఒక మాట వేయించింది. నాన్నకు చూపిస్తే, "ముందు పేజీలు ఎవరు చదువుతారమ్మా," అన్నాడు. సభల్లో 'నేను' గురించి ఎవరైనా అడిగితే, "అది నేను కావాలని చేసింది కాదు. ఒకరు అలా మాట్లాడేవారు. ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోలేదు," అనేది. ఆ జవాబు ఎవరికీ అంతగా నచ్చేది కాదు. పిలుపులు తగ్గాయి. ఆమె మళ్ళీ పాఠ్యపుస్తకాల పని తీసుకుంది. కంటి లోపలి భాగాలు వేసిచ్చింది, కీళ్ళు వేసిచ్చింది. సొంతంగా ఏదైనా మొదలుపెడదామని కూర్చుంటే, మొదటి గడిలో ఎవరి ముఖం వచ్చినా, వీళ్ళనేమైనా అడిగానా అనిపించి చెయ్యి వెనక్కి వచ్చేది. అది పోతుందో పోదో ఆమెకు తెలియదు.

చెల్లెలు సెలవు రోజుల్లో కూతురితో వస్తోంది. మనవరాలు ఇంకా తాతయ్యకు కాస్త దూరంగానే కూర్చుంటోంది. తప్పు చదివానని తెలిసినా, చదివింది అంత తేలిగ్గా పోదు. నాన్న ఆ మెట్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. నమ్మాడో, నమ్మినట్టు ఉంటున్నాడో ఎవరూ అడగలేదు.

మొన్న వచ్చినప్పుడు మేడ మీద ముందుగదిలో నాన్నకీ చెల్లెలికీ మాటా మాటా పెరిగింది. నత్తి ఉన్నవాళ్ళకు మాటలు నేర్పించే డాక్టరు ఒకాయన ఉన్నాడని షాపుకొచ్చిన ఎవరో నాన్నతో అన్నారట. చెల్లెల్ని వెళ్ళమంటాడు. చెల్లెలు అక్కర్లేదంటుంది.

"ఎందుకక్కర్లేదు? వయసేం మించిపోయింది?"

"ఈ వయసులో ఎవరికోసం? న్… న్…"

"నష్టమేంటి అంటావు, అంతేగా? నష్టమేం లేదు, వెళ్ళు!"

"అది కాదు! మాట పూర్తి చెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఆగలేవా?"

"ఆగుతున్నా కదే! ఇంతసేపు ఆగేవాడు ఇంకెవడు?"

"న్… న్… నచ్చలేదు! వెళ్ళడం ఇష్టం లేదు. అది చెప్తున్నా!"

వంటగదిలో అక్క టీ కప్పులు కడుగుతోంది. లోపలికి వెళ్ళి సర్దిచెబుదామని ఒక అడుగు వేసి, ఆగిపోయింది. నాన్న గొంతు ఇంకా లేచింది. చెల్లెలు మళ్ళీ ఆ అక్షరం దగ్గర చిక్కుకుంది, ఈసారి నాన్న కలగజేసుకోలేదు, గది నిశ్శబ్దమైపోయింది. తర్వాత మాట వచ్చింది, దాంతోపాటే తగాదా మళ్ళీ అందుకుంది. ఆమె కుళాయి కట్టేసి, ఇంకా ఎంతసేపు పోట్లాడుకుంటారో అనుకుంటూ, కప్పులు ఒక్కొక్కటే తుడిచి బోర్లించింది.